ప్రసారము సాగుచున్నదా?

2021వ సంవత్సరము మే నెలలో మా చెల్లెలి కొమార్తె వివాహము విజయవాడలో జరిగినది. అవి కరోనా వ్యాధి రెండవమాఱు విజృంభించిన దినములు. పెండ్లికి కొలదిమందినే పిలుచుటకు అనుమతి యుండెను. వధూవరులును, పురోహితుడును, మేళగాండ్రును పోగా మిగిలినవారము వ్రేళ్లమీద లెక్కింపదగినంత మందిమి. రాలేని బంధువులందఱి కొఱకును ఇంటర్నెట్ ప్రసారము ఏర్పాటు చేయించితిమి. ఫోటోలు తీయువారే ఒక కెమేరాను వేదికకు ఎదురుగా నిలిపి, దానిని ఒక చిన్న పెట్టెకు తగిలించి, పెట్టెపై ఎఱ్ఱని దీపము వెలుగగానే “ఇక మీవారు ఎక్కడివారక్కడ చూడవచ్చును” అనిరి. ఆ యెఱ్ఱదీపము అప్పగింతల వఱకు ఆఱలేదు.

రాజమహేంద్రవరములో మా మేనత్తగారున్నారు. అప్పటికి వారికి ఎనుబదిరెండేండ్లు. పెండ్లికూతురి తల్లిని చిన్ననాట పెంచిన చేతులు వారివి. ఆనాడు వారు తెల్లవాఱకమునుపే లేచి తలంటుకొని, పట్టుచీర కట్టుకొని, ఫోనును దేవుని పీట ప్రక్కన ఆనించి కూర్చుండిరట. జీలకఱ్ఱబెల్లము వేళ దగ్గఱపడినది. వధూవరుల నడుమ తెరసెల్ల పట్టిరి. అంతే, బొమ్మ నిలిచిపోయినది. మంత్రము లేదు, మేళము లేదు. 22 నిమిషముల తరువాత బొమ్మ మరల కదలునప్పటికి తెరసెల్ల లేదు. మంగళసూత్రధారణము ముగిసి తలంబ్రాలు పోసికొనుచున్నారు.

సాయంకాలము మేము ఫోను చేసి “అత్తయ్యా, బాగా చూచారా?” అని యడుగగా వారు ఒక్క క్షణము ఊరకుండి, “ఏదో నొక్కేశాను కాబోలు అమ్మాయీ, బొమ్మ ఆగిపోయింది. పెండ్లి మధ్యలో మిమ్మల్ని పిలిస్తే బాగుండదని కూర్చున్నాను” అనిరి.

వారు ఏమియు నొక్కలేదు. తప్పు వారిది కాదు. అయినను మంటపములో నున్న మాకు ఆ సంగతి తెలియదు; పెట్టెవారికి తెలియదు; ప్రసారము నడుపు సంస్థకును తెలిసినట్లు లేదు. ఎఱ్ఱదీపము వెలుగుచునేయున్నది! ఇది యెట్లు సంభవించినదో, ఇట్టి ప్రసారములకు కావలి కాయువారు ఎవరో, వారు ఏమి చూతురో తెలిసికొనవలెనని ఆనాటినుండి మాకు పట్టుదల కలిగినది. ఇప్పుడు పురాణశ్రవణము, సంగీతకచేరి, పిల్లల పాఠము, దూరదేశమందలి మనుమని బారసాల – ఇవి యన్నియు ఫోనులోనికే వచ్చుచుండుటచే మన సోదరీమణులకు నీ విషయము ఉపయోగపడునని వ్రాయుచున్నాము.

మొదట రేడియోకును దీనికిని గల భేదము తెలిసికొనవలెను. 1948 డిశంబరు 1వ తేదీన విజయవాడలో ఆకాశవాణి కేంద్రము తెఱచినది మొదలు, ఆ కేంద్రపు ప్రసారము ఎప్పుడైన ఆగినచో ఊరిలోని రేడియోలన్నియు నొకేమాఱు మూగవోయెడివి. మన రేడియో పలుకకున్న ప్రక్కయింటివారిని కేక వేసి యడిగిన చాలును. వారిదియు పలుకుటలేదన్నచో తప్పు మనది కాదని తేలిపోయెడిది. ఇంటర్నెట్టులో నట్లు గాదు. ఇచట చూచు ప్రతివారికిని వేఱువేఱుగా వడ్డన జరుగును. ఒకరి విస్తరిలో పడినది మఱొకరి విస్తరిలో పడకపోవచ్చును. కావుననే పెద్దవారు ‘అందఱికిని వచ్చుచున్నది కాబోలు, నాకే చేతకాలేదు’ అని తమ్ము తామే నిందించుకొందురు. మా మనసును ఎక్కువగా నొప్పించినది ఇదియే.

ఆ వడ్డన జరుగు విధము చెప్పెదము. కెమేరా పట్టిన దృశ్యమును, ధ్వనిని ఒక యంత్రము కుదించి దూరమందున్న సర్వరునకు పంపును. సర్వరు దానిని కొన్ని సెకండ్ల నిడివిగల తునకలుగా కోసి, ఏ తునక తరువాత నేదియో తెలుపు పట్టికను వ్రాసియుంచును. 2009లో యాపిల్ సంస్థవారు వెలువరించిన హెచ్.ఎల్.ఎస్. అను పద్ధతి యిదియే. మొదట తునక నిడివి 10 సెకండ్లుగా నుండెను. తరువాత 6 సెకండ్లు చాలునని ఆ సంస్థవారే సూచించిరి. మన చేతిలోని ఫోను మాటిమాటికి ఆ పట్టికను తెప్పించి చూచుకొని, క్రొత్త తునక కనబడగానే తెచ్చుకొని, వరుసగా పేర్చి చూపుచుండును. తెచ్చినదానిని వెంటనే చూపివేయక కొన్ని తునకలను నిలువజేసికొనును. దీనినే బఫరు అందురు. మునిసిపాలిటీ కుళాయి వచ్చినప్పుడు మనము గంగాళము నింపుకొని, నీరు ఆగినను వంట ఆగకుండ గడుపుకొనుట వంటిదే యిది. వాడకము రాకను మించినప్పుడు గంగాళము అడుగంటును. అప్పుడు తెరమీద సున్నవలె చక్రము తిరుగును. ఈ నిలువ మూలముననే ఇంటర్నెట్ ప్రసారము అసలు సంఘటనకు పలుమాఱులు ఇరువది ముప్పది సెకండ్లు వెనుకబడి యుండును. క్రికెట్టు ఆట చూచునప్పుడు ప్రక్కయింటి టీవీవారు ముందుగా కేకలు వేయుటకు కారణమిది.

గంగాళము అడుగంటకుండుటకు మఱొక యుపాయము గలదు. పంక్తిలో జనము పెరిగి మజ్జిగ చాలదని తోచినప్పుడు మనమేమి చేయుదుము? ఇంకొక చెంబెడు నీళ్లు పోయుదుము. సర్వరునందు నొకే దృశ్యమును చిక్కగా, పలుచగా నాలుగయిదు రకములుగా తయారుచేసి యుంతురు. దారి ఇఱుకైనప్పుడు ఫోను తనంత తానుగా పలుచని రకమును తెచ్చుకొనును. బొమ్మ మసకబాఱును గాని ఆగదు. కాబట్టి బొమ్మ మసకగా నున్నంతమాత్రమున ఫోనును విసుగుకొనరాదు. అది మన పంక్తిని లేవనీయకుండ కాపాడుచున్నదని గ్రహింపవలెను.

మా యింటి పెండ్లిలో చిక్కు ఈ చివర పుట్టలేదు, ఆ చివర పుట్టినది. మంటపమునకు గల ఇంటర్నెట్ దారి సన్ననిది. ముహూర్తము దగ్గఱపడగానే వచ్చిన బంధువులు తలకొక ఫోను ఎత్తిపట్టి, రాలేని తమ తమవారికి వీడియో పిలుపులు చేసిరి. అన్ని ఫోనులును, కెమేరా పెట్టెయు నొకే దారిని త్రొక్కినవి. అందులో మా చేయియు నొకటి! సర్వరునకు క్రొత్త తునకలు చేఱుట మానినవి. పెట్టెమీది దీపమునకు ఆ సంగతి పట్టదు. తాను పంపుటకు పూనుకొన్నాననియే దాని యర్థము, అవతల ముట్టినదని కాదు.

ఇక కావలి మాట. ప్రసారమును కనిపెట్టియుండుటకు నియమించు యంత్రములలో మిక్కిలి సామాన్యమైనది నిమిషమున కొకమాఱు సర్వరును పలుకరించి చూచును. సర్వరు ‘200’ అను సంఖ్యతో బదులిచ్చినచో అంతయు క్షేమమని వ్రాసికొనును. ఆ సంఖ్యకు ‘అడిగినది ఇచ్చితిని’ అని మాత్రమే యర్థము. ప్రక్కవీధి పిన్నిగారికి జ్వరము తగ్గినదేమో చూచిరమ్మని పంపిన పిల్లవాడు, వీధితలుపు తెఱచియుండుట చూచి “బాగానే ఉన్నారు” అని పరుగెత్తి వచ్చినట్లు! మా పెండ్లినాడును ఎవరైన నట్లడిగియుండినచో సర్వరు ఆ 22 నిమిషములును మర్యాదగా ‘200’ అనియే చెప్పియుండును. ఏలయన పట్టిక యున్నది. అది పాత పట్టిక, అంతే.

తెలిసినవారు చేయు కావలి పట్టికలోని సంఖ్యను చూచుట. ప్రతి తునకకును వరుస సంఖ్య యుండును. తునక నిడివి 6 సెకండ్లయినచో అరనిమిషములో అయిదు క్రొత్త తునకలు చేఱవలెను. చేఱనిచో తలుపు తెఱచియున్నను లోపలివారు లేవలేదన్నమాట. వెంటనే గంట మ్రోగింపవలెను. ఇంత చిన్న పరీక్ష ఆనాడు జరిగియుండినచో ఒకటి రెండు నిమిషములలో మాకు కబురు వచ్చెడిది. మేము ఫోనులు దింపియుండెడివారము.

ఇదియు చాలదు. తునకలు చక్కగా వచ్చుచుండవచ్చును. వానిలో నేమియు లేకపోవచ్చును. మైకు తీగ ఊడిపోయినచో ప్రసారము నిశ్శబ్దమును నియమము తప్పక మోసికొనిపోవును. కెమేరాకు మూత పెట్టినచో చీకటిని పంపును. ప్రసారభారతివారి న్యూస్‌ఆన్‌ఎయిర్ అను సాధనములో 200కు పైగా ఆకాశవాణి ప్రసారములు ఇంటర్నెట్టు మీదుగా వినవచ్చును. ఇన్నింటిని ఏకకాలమున వినగల చెవులు మనుష్యున కెక్కడివి? కావున ఇట్టి పనికి ధ్వని యెంత యెత్తున నున్నదో కొలుచు యంత్రములను పెట్టుదురు. నియమించిన హద్దుకంటె తక్కువగా, నియమించిన సెకండ్లకంటె ఎక్కువకాలము ధ్వని పడిపోయినచో అవి కేక వేయును.

ఆ హద్దు నిర్ణయించుటయే కష్టము. నాటకములో దుఃఖఘట్టమున నటి మాట రాక నిలిచిన నిశ్శబ్దమును యంత్రము రోగముగా నెంచవచ్చును. 2004 జనవరిలో లండను నగరమందలి బార్బికన్ శాలయందు బీబీసీ సింఫనీ వాద్యబృందమువారు జాన్ కేజ్ అను అమెరికా దేశీయుని కృతి నొకదానిని ప్రదర్శించిరి. 4 నిమిషముల 33 సెకండ్లు వాద్యకారులు ఒక్క స్వరమైనను పలికింపకుండుటయే ఆ కృతి. దానిని రేడియోలో ప్రసారము చేయుటకై, నిశ్శబ్దము కలిగినంతనే తనంత తానుగా వేఱొక ధ్వనిని నడపు అత్యవసరయంత్రమును బీబీసీవారు కట్టివేయవలసి వచ్చినది! యంత్రమునకు రసజ్ఞత లేదు గదా.

బొమ్మ విషయమునను ఇంతే. ఒకదాని వెంట నొకటిగా వచ్చు చిత్రములను పోల్చి, మార్పు లేనిచో ‘గడ్డకట్టినది’ అని యంత్రము చెప్పును. కాని గర్భాలయములోని మూలమూర్తిని కదలని కెమేరాతో చూపుచున్నప్పుడో? దీపశిఖ మినుకుమినుకుమనుట తప్ప వేఱు చలనము లేదు. ఆ శిఖను లెక్కలోనికి తీసికొనునంత సూక్ష్మముగా యంత్రమును మలచినగాని అది భక్తుల దర్శనమును కూడ జబ్బుక్రింద వ్రాయును. ఎంత మలచినను, అది విను ధ్వని ఆ కార్యక్రమమునదో, పొరపాటున కలిసిన మఱొక కార్యక్రమమునదో చెప్పుట కష్టము. అందుచేత శ్రద్ధగల సంస్థలలో నేటికిని మనుష్యులు వంతులవారీగా తెరలయెదుట కూర్చుండి చూతురు, విందురు.

పెదవుల కదలికకును మాటకును పొత్తు కుదిరినదా యనునది మఱొక పరీక్ష. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమితివారు 1998లో వెలువరించిన సూచనలో నొక విశేషము గలదు. ధ్వని బొమ్మకంటె 45 మిల్లీసెకండ్లు ముందుగా వచ్చినచో చూచువారు కనిపెట్టుదురు. వెనుకబడినచో 125 మిల్లీసెకండ్ల వఱకు కనిపెట్టలేరు. ఈ పక్షపాతమేల? గోదావరి రేవులో నావలిగట్టున బట్టలుదుకువారిని చిన్ననాట మనమందఱము చూచినవారమే. బట్ట బండమీద పడుట ముందు కనబడును, చప్పుడు తరువాత వినబడును. ప్రకృతిలో చప్పుడు వెనుకబడుట మన కలవాటు. ముందు వచ్చుట ఎన్నడు నెఱుగము. అందుచేత ముందు వచ్చిన మాటను చెవి యొప్పుకొనదని మేము తలంచుచున్నాము.

ప్రసారసంస్థలు తమ ఘనతను శాతములలో చెప్పుకొనును. నూటికి 99 పాళ్లు నిరాటంకమనిన వినుటకు సొంపుగానే యున్నది. రెండు గంటల కల్యాణములో మిగిలిన ఆ ఒక్కపాలు 72 సెకండ్లు. మాంగల్యధారణమునకు అంతకంటె నెక్కువ కావలయునా? ఏడాది పొడుగున నడచు ప్రసారమునకు నూటికి 99.9 అనినను సుమారు 8 గంటల 45 నిమిషములు మూతపడియుండవచ్చునని యర్థము. ఆ గంటలు అర్ధరాత్రమున పోయినవా, సుప్రభాతవేళ పోయినవా యనునది శాతము చెప్పదు. శాతము చెప్పువారిని ‘ఏ వేళ?’ యని యడుగుట నేర్చుకొనవలెను.

చూచువారి ఓర్పును కొలిచినవారును గలరు. మాసచూసెట్స్ విశ్వవిద్యాలయాచార్యుడు రమేశ్ సీతారామన్‌గారును, అకమై సంస్థకు చెందిన ఎస్. షణ్ముగ కృష్ణన్‌గారును కలిసి 2 కోట్ల 30 లక్షల వీక్షణములను పరిశీలించి 2012లో నొక వ్యాసము ప్రకటించిరి. వీడియో ప్రారంభమగుటకు 2 సెకండ్లు దాటినచో జనము విడిచిపోవుట మొదలిడుదురనియు, ఆపై ప్రతి సెకండునకును సుమారు నూటికి 6గురు చొప్పున పోవుదురనియు వారు తేల్చిరి. సంస్థలు ఈ లెక్కనుబట్టి తమ ప్రసారముల గుణమును నిర్ణయించుకొనుచున్నవి. మంచిదే. కాని మా అత్తగారివంటివారు ఈ లెక్కలో నెక్కడ పడుదురు? వారు విడిచిపోలేదు. 22 నిమిషములు తెరసెల్లను చూచుచు కూర్చుండిరి. ఎవరెవరు చూచుచున్నారను పట్టికలో అంతసేపును వారు ‘చూచుచున్నవారి’గానే లెక్కింపబడిరి! అందుచేతనే నిపుణులు నేడు ఎందఱు చూచిరని మాత్రము గాక, చూచువాని ఫోనులో బొమ్మ నిజముగా ఎంతసేపు కదలినది, ఎంతసేపు ఆగినది యని ఫోనుచేతనే చెప్పించుకొనుచున్నారు. కావళ్లలో నమ్మదగినది ఇదియని మా యభిప్రాయము.

పెద్ద ప్రసారములకును ఈ చిక్కులు తప్పవు. 2019 జూలైలో క్రికెట్టు ప్రపంచకప్పు సెమీఫైనలును హాట్‌స్టార్‌లో నొకే సమయమున 2 కోట్ల 53 లక్షలమంది చూచిరి. 2023 నవంబరు 19న ఫైనలు ఆటకు ఆ సంఖ్య 5 కోట్ల 90 లక్షలకు చేఱినది. ఆ యేర్పాట్లు నిలిచినవి. 2024 నవంబరులో అమెరికాలో టైసను, పాల్ అనువారి ముష్టియుద్ధమును నెట్‌ఫ్లిక్స్ ప్రసారము చేయగా, ఎందఱికో బొమ్మ మాటిమాటికి ఆగినది. సంపదగల సంస్థలకే ఇట్లు జరుగునప్పుడు పెండ్లిమంటపములోని చిన్న పెట్టెను గ్రుడ్డిగా నమ్మరాదు గదా.

మఱి యింటివారు చేయదగిన దేమి? బేరమాడునప్పుడే ఫోటోలవారిని ‘మీ దారిలో పంపు వేగమెంత?’ అని యడుగవలెను. సామాన్యముగా చెప్పుకొనునది తెచ్చుకొను వేగము. మనకు కావలసినది పంపు వేగము. 720 గీతల నాణ్యతగల బొమ్మకు సెకండునకు సుమారు 4 మెగాబిట్లు పట్టును. దానికి రెట్టింపు ఉన్నచో నిశ్చింత. ముందుదినము ఖాళీ మంటపములో చేసిన పరీక్షను చూచి సంతోషింపరాదు. ముహూర్తమునకు వందలకొలది ఫోనులు వచ్చి అదే గాలిని పంచుకొనును. ప్రసారపు పెట్టెకు ప్రత్యేకమైన దారి యుంచి, దాని సంకేతపదమును బావగారికి గూడ చెప్పకుండుట మేలు (మాట వచ్చినను పడవలెను). మేళమువారు సినిమాపాటలు వాయించునెడల జాగ్రత్త: యూట్యూబు వంటివి ప్రత్యక్షప్రసారములోని పాటల హక్కులను కూడ పరిశీలించును, ఒక్కొక్కప్పుడు ప్రసారమునే నిలుపును. కెమేరాలో వేఱుగా నొక ప్రతి ముద్రితమగునట్లు తప్పక చూచుకొనవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది, మంటపమునకు దూరముగా, వేఱొక యూరిలో, వేఱొక దారిపై ప్రసారమును చూచుచు కూర్చుండు మనిషి నొకరిని ముందుగా నియమించుట. ఆమెకును మంటపములోని వారికిని నడుమ వీడియో కాదు, మామూలు ఫోను పిలుపు తెఱచియుండవలెను. మంటపములో నున్నవాడు తన చేతిఫోనులో ప్రసారమును చూచుకొని తృప్తిపడుట, వంట చేసినవాడే రుచి చూచి మెచ్చుకొనుట వంటిది.

2024 ఫిబ్రవరిలో అదే చెల్లెలి కుమారుని వివాహము జరిగినది. మా అత్తగారికి ప్రయాణము చేయు శక్తి లేదు. ఈమాఱు వారిని చూడుమని యడుగలేదు. కావలి యుండుమని యడిగితిమి. “నాకేం తెలుస్తుందే?” అని మొదట సంకోచించిరి. బొమ్మ ఆగినను, మాట వినబడకున్నను, ఏది నచ్చకున్నను వెంటనే చెప్పుటయే పని యనియు, తప్పు వారిది కాజాలదనియు నచ్చజెప్పితిమి. మా మేనల్లు డొకడు మామూలు ఫోనును చెవికి తగిలించుకొని పెట్టెప్రక్కన కూర్చుండెను. గౌరీపూజవేళ ఒకమాఱు బొమ్మ ఆగినదని కబురు వచ్చినది, పెట్టెవారు వేఱొక దారికి మార్చిరి, నిమిషములో కుదుటపడినది.

జీలకఱ్ఱబెల్లము ఇంక పదినిమిషము లున్నదనగా మేనల్లుడు వేదికవైపు చేతులూపసాగెను. మేము కంగారుగా పోయి ఫోను అందుకొంటిమి. “బొమ్మ బాగానే ఉందమ్మాయ్,” అనిరి అత్తగారు, “సన్నాయే గాని మంత్రం ఒక్క ముక్క వినపడటం లేదు. ఆ మైకు పంతులుగారి దగ్గరకు జరపమని చెప్పు. మీ అన్నయ్యను కూడా కొంచెం ప్రక్కకు తప్పుకోమను, తెరసెల్ల కనపడటం లేదు.”

అన్నయ్య తప్పుకొనెను.